సాయంత్రం ఐదింటి కూలీ

ఉదయం ఆరు

ఆదివారం. ఊరంతా ఇంకో కునుకు తీద్దామని దుప్పటి ముసుగు లాక్కునే వేళ. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు దగ్గర, మెట్రో పిల్లర్ల కింద నిలబడి చూడండి. ఇక్కడ ఆదివారమూ లేదు, కునుకూ లేదు. ఇది లేబర్ అడ్డా. గోనెసంచిలో తాపీ, తూకం గుండు పెట్టుకుని మేస్త్రీలు. రంగు ఎండి బిరుసెక్కిన బ్రష్షులతో పెయింటర్లు. గంపలో టిఫిన్ డబ్బా పెట్టుకుని, చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కున్న ఆడవాళ్లు. పాలమూరు వాళ్లది ఒక గుంపు, శ్రీకాకుళం వాళ్లది ఇంకో గుంపు, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు కాస్త ఎడంగా.

బైక్ ఆగితే చాలు, పదిమంది చుట్టుముడతారు.

"ఏం పని సార్? స్లాబా, గోడనా?"

"ఇద్దరు హెల్పర్లు కావాలె. ఎంతకొస్తరు?"

వచ్చినాయన మాటలు వింటూనే ఉంటాడు గానీ చూపంతా చేతుల మీదే. కండ ఉన్నవాడు ముందు ఎక్కుతాడు. ఇద్దరినీ వెనక కూర్చోబెట్టుకుని బైక్ కొండాపూర్ వైపు తిరుగుతుంది. ఆటోలు మాదాపూర్‌కి, గచ్చిబౌలికి, ఇంకా అవతల క్రేన్లు కనిపించే చోటికల్లా వెళ్లిపోతాయి. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటి నుంచి ఆ దారిలో లేచిన ప్రతి అద్దాల భవనానికీ ఇటుక మోసింది ఇలాంటి అడ్డాలే.

ఎనిమిదయ్యేసరికి గుంపు పలచబడుతుంది. మిగిలినవాళ్లు ఎవరో చూస్తే తెలిసిపోతుంది. జుట్టు నెరిసినవాళ్లు, దగ్గు ఆపుకోలేనివాళ్లు, చంకలో పిల్ల ఉన్న తల్లి. ఇక బేరం వాళ్ల చేతుల్లో ఉండదు. సగం కూలికి వస్తామన్నా పిలిచేవాడుండడు. అయినా ఎవరూ ఇంటిదారి పట్టరు. ఎవరైనా వస్తారేమోనని చూస్తారు.

ఒక పెద్దాయన మెడలో నల్లతాడుకు చిన్న సిలువ వేలాడుతోంది.

"చర్చికి పోవా పెద్దాయనా ఇయ్యాల?"

"పని దొరికితే దేవుడిచ్చినట్టు. దొరక్కపోతే దేవుని దగ్గరికే పోవుడు," అని టీ గ్లాసు కింద పెట్టి, ఆగిన ఇంకో బైక్ వైపు గబగబా నడిచాడు.

ఉదయం తొమ్మిది

హైదర్‌నగర్ అక్కడికి దూరం కాదు. కల్వరి టెంపుల్ దారి ఎవరినీ అడగక్కర్లేదు, జనం వెంట నడిస్తే చాలు. ఒక ఆరాధన ముగించుకుని బయటికొచ్చేవాళ్లు, తర్వాతి ఆరాధనకు లోపలికెళ్లేవాళ్లు. జిప్పు కవర్లలో బైబిళ్లు. తెల్లచీర కొంగు తల మీదికి లాక్కున్న అమ్మమ్మలు. "ప్రైజ్ ద లార్డ్ బ్రదర్", "వందనాలమ్మా" అంటూ చేతులు జోడించే వాలంటీర్లు. జీన్స్ వేసుకున్న కుర్రాళ్ల మెడలో కంపెనీ ట్యాగ్ అలాగే ఉంది. నైట్ షిఫ్ట్ దిగి నేరుగా వచ్చేసినవాళ్లన్నమాట.

2005లో పాస్టర్ సతీష్ కుమార్ మొదలుపెట్టిన సంఘం ఇది. ఈ భవనాన్ని 52 రోజుల్లో కట్టామని వాళ్లు చెప్పుకుంటారు. 2013 జనవరిలో తెరుచుకుంది. సభ్యులు 3 లక్షలకు పైనే అన్నది సంఘం లెక్క. లోపల అడుగు పెట్టి, పాట అందుకున్న క్షణం దాకా ఆగండి. ఇన్ని వేల గొంతులు ఒక్కసారిగా లేస్తే నమ్మకం లేనివాడికి కూడా ఒళ్లు గగుర్పొడుస్తుంది. మీ పక్కనున్నామె కళ్లు మూసుకుని, అరచేతులు పైకి చాపి, పెదవులు కదుపుతూ ఉంది. ఆమె ఏం అడుగుతోందో మీకు వినిపించదు. వీసానో, కడుపు పండాలనో, భర్త తాగుడు మానాలనో. అవి చిన్న కోరికలని తీసిపారేయకండి. ఆమెకు వాటికన్నా పెద్దవి లేవు.

ఇదే తెలంగాణలో మరో ప్రార్థనా మందిరం కట్టడానికి పదేళ్లు పట్టింది. మెదక్ కెథెడ్రల్. ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో పని మొదలుపెట్టిస్తే, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. కరవు రోజులవి. ఊరకే పెడితే తీసుకోవడానికి మనసొప్పని జనానికి పని చూపించి తిండి పెట్టారని మెదక్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. తెలుగు నేల మీద క్రైస్తవ చరిత్ర ఎక్కడ తవ్వినా కరవు, కూలి, అన్నం ఈ మూడూ బయటపడతాయి. దేవుడి కృప గురించి ఇక్కడ మాట్లాడాలంటే వాటిని దాటుకుని వెళ్లడం కుదరదు.

మధ్యాహ్నం పన్నెండు

మాదాపూర్ సందుల్లో ఒక ఫంక్షన్ హాలు. నిన్న రాత్రి ఇక్కడ రిసెప్షన్ జరిగింది. నలిగిన బంతిపూలు మూలకు ఊడ్చి ఉన్నాయి. వేదిక వెనక థర్మోకోల్ గుండె బొమ్మ మీద ఎవరివో రెండు పేర్లు ఇంకా మెరుస్తున్నాయి. వాటి ముందే పోడియం, కీబోర్డు, ప్రొజెక్టరు. డైనింగ్ హాల్లో పిల్లలకు సండే స్కూలు. శాటిన్ గుడ్డలు తొడిగిన కుర్చీల్లో వందకు పైగా మనుషులు. ఐటీ కారిడార్‌లో ఇలాంటి అద్దె సంఘాలు వీధికొకటి కనిపిస్తాయి. గుంటూరు, నెల్లూరు, ఖమ్మం, రాజమండ్రి నుంచి ఉద్యోగానికొచ్చిన పిల్లలు ఊళ్లో వదిలేసి వచ్చిన చర్చిని ఇక్కడ ఆదివారానికి మూడు గంటలపాటు మళ్లీ నిలబెట్టుకుంటారు.

ముందు సాక్ష్యాలు. ఒక తమ్ముడు లేచాడు. ఏడాదిగా ఆగిన ఆన్‌సైట్, అంటే విదేశంలో ప్రాజెక్టు పని, ఖరారైంది, దేవుడికి స్తోత్రం. చప్పట్లు. ఒక చెల్లెలికి కొత్త ఆఫర్, అడిగిన దానికన్నా ఎక్కువ హైక్. ఇంకా గట్టిగా చప్పట్లు. మూడో వరుసలో ఒకాయన లేవబోయి, ఆగి, మళ్లీ లేచాడు. "ప్రాజెక్టు అయిపోయింది. నాలుగు నెలలుగా పని లేక బెంచ్ మీద ఉన్నా. నా కోసం ప్రార్థన చెయ్యండి," అని కూర్చున్నాడు. ఈసారి చప్పట్లు లేవు. "ఆమెన్" అని కొన్ని గొంతులు.

హాల్లో ఏదో తేడా వచ్చింది. ఆన్‌సైట్ దక్కడమే కృప అయితే, బెంచ్ మీదున్న మనిషిని దేవుడు మరిచిపోయినట్టేనా? ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు గానీ అది అందరి ముఖాల్లోనూ ఉంది.

వాక్యం చెప్పే పెద్ద పాస్టరు కాదు, వారమంతా డేటాబేస్‌లు చూసుకునే ఉద్యోగి. అందరూ 'అన్న' అంటారు. ఆయన మత్తయి సువార్త 20వ అధ్యాయం తెరిచాడు. యేసు చెప్పిన ద్రాక్షతోట కూలీల కథ. ఆయన దాన్ని చెప్పిన తీరు ఇదీ:

"మన కూకట్‌పల్లి అడ్డా చూశారుగా. అలాంటి అడ్డాకే ఒక ఆసామి తెల్లారగట్ల వెళ్లాడు. రోజుకు ఒక దేనారం అని మాట్లాడుకుని కొందరిని తోటకు పంపాడు. తొమ్మిదింటికి మళ్లీ వెళ్లాడు. పన్నెండుకి, మూడింటికి మళ్లీ వెళ్లాడు. సాయంత్రం ఐదింటికి కూడా వెళ్లాడు. అప్పటికీ కొందరు అక్కడే నిలబడి ఉన్నారు. ఎందుకు ఊరకే ఉన్నారంటే, మమ్మల్ని ఎవరూ పిలవలేదయ్యా అన్నారు. వాళ్లు సోమరులు కారు. బెంచ్ మీద ఉన్నవాళ్లు."

మూడో వరుసలో మనిషి తల ఎత్తాడు.

"పొద్దుగూకింది. కూలి ఇచ్చే వేళ. ఆసామి చివర వచ్చినవాళ్లను ముందు పిలిచి చేతిలో ఒక దేనారం పెట్టాడు. నిండు రోజు కూలి. ఇది చూసి పొద్దుట్నుంచి ఎండలో మాడినవాళ్లు మనకు ఇంకెంత ఇస్తాడో అనుకున్నారు. వాళ్లకూ దేనారమే. గొణిగారు. అప్రైజల్ మెయిలు చూసుకున్నాక మనం గొణగమా?"

నవ్వులు. ఆయన నవ్వలేదు.

"ఈ కథ ఎందుకొచ్చిందో దాని ముందు అధ్యాయం చివర ఉంది. మేం అన్నీ వదులుకుని నీ వెంట వచ్చాం, మాకేం దొరుకుతుందని పేతురు అడిగాడు. అప్పటికే రేటింగ్ అడుగుతున్నాడు. మెదక్ చర్చి కట్టిన మిషన్ ఎవరి పేరు మీదుందో ఆ జాన్ వెస్లీని చూడండి. ఉపవాసాలు, జైళ్లలో సేవ, అమెరికా దాకా వెళ్లి పరిచర్య. చేయనిది లేదు. అయినా శాంతి లేదు. 1738 మే 24న లండన్‌లో ఒక చిన్న కూటంలో, రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట ఎవరో చదువుతుంటే విన్నాడు. తన లెక్క తను తీర్చుకోవడం కాదు, క్రీస్తు తీర్చేశాడన్న నమ్మకం అప్పుడు కుదిరింది. పని మానేశాడా? లేదు. అంతకు ముందుకన్నా ఎక్కువ తిరిగాడు, గుర్రం మీద ఊరూరా. ముందు కూలి కోసం చేశాడు. తర్వాత కూలి ముట్టినవాడిలా చేశాడు."

నెలలో మొదటి ఆదివారం కాబట్టి ఇవాళ బల్ల ఆరాధన, యేసు కడరాత్రి విందును తలుచుకుని రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. దగ్గరికి రండి. స్టీలు పళ్లెంలో పులియని రొట్టె, ఒక అక్క ఇంట్లో కాల్చి తెచ్చింది. అక్కడక్కడ పెనం మచ్చలున్నాయి. జగ్గులో ద్రాక్షరసం, నల్లద్రాక్ష ఉడికించి వడకట్టింది. పైన ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ. అన్న రొట్టె విరుస్తున్నాడు. ముక్క గోటి పరిమాణం కన్నా పెద్దది కాదు. ఆన్‌సైట్ తమ్ముడికీ అంతే, బెంచ్ మీదున్నాయనకూ అంతే. ఈ చుట్టుపక్కల నాలుగు కిలోమీటర్లలో ఇంకెక్కడా అందరికీ ఒకే కొలతలో దొరికే వస్తువు లేదు.

మధ్యాహ్నం మూడు

ప్రార్థన ముగిశాక ప్రేమవిందు. నేల మీద పట్టాలు పరిచి వరసగా కూర్చోబెడతారు. అన్నం, సాంబారు, బంగాళాదుంప వేపుడు. ఈ పద్ధతి అన్నకు చిన్నప్పటి నుంచీ అలవాటు. వాళ్ల నాన్న బక్త్ సింగ్ సహవాసాల్లో విశ్వాసి.

ఈ హాల్లో సగం మంది ఇంజినీర్లు కదా, బక్త్ సింగ్ కథ వాళ్లకు దగ్గరిదే. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టాడు. చదువుకునే రోజుల్లో చేతికొచ్చిన బైబిల్ని చించేసి, అట్ట బాగుందని అట్ట మాత్రం దాచుకున్నానని తనే చెప్పుకున్నాడు. ఇంజినీరింగ్ చదవడానికి లండన్, అక్కణ్నుంచి కెనడా వెళ్లాడు. అక్కడే బైబిల్ అడిగి తీసుకుని చదివాడు. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం. మరుసటి ఏడు ఇంజినీరింగ్ పక్కన పెట్టి బొంబాయిలో ఓడ దిగాడు. 1950లో హైదరాబాద్ గోల్కొండ క్రాస్‌రోడ్స్‌లో ఆయన సహవాసాల కేంద్రం హెబ్రోను మొదలైంది. చెప్పులు బయట విడిచి, చాపల మీద కూర్చుని ఆరాధించడం, ఆ తర్వాత అందరూ ఒకే పంక్తిలో అన్నం తినడం అక్కడి రివాజు. ఊళ్లో పక్కపక్కన కూర్చోనివ్వని కులాలు ఆ పంక్తిలో పక్కపక్కనే కూర్చున్నాయి. బైబిల్ చించినవాడిని పిలిచిన దేవుడికి ఎవరిని పిలవడంలో మొహమాటం ఉంటుంది?

సాంబారు వడ్డిస్తుంటే టెస్టింగ్‌లో పనిచేసే కుర్రాడు ఆగలేకపోయాడు.

"అన్నా, ఏమనుకోవద్దు. నాకైతే ఆసామి చేసింది అన్యాయమే అనిపించింది. మా మేనేజర్ అలా చేస్తే మర్నాడే మంచోళ్లంతా పేపర్లు పెట్టేస్తారు."

"ముందొచ్చినవాళ్ల కూలి కోశాడా?"

"లేదనుకో."

"మాట్లాడుకున్నది ఇచ్చాడా?"

"ఇచ్చాడు."

"పొద్దుగూకక ముందే ఇచ్చాడు కూడా. కూలివాడి కూలి సూర్యుడు అస్తమించేలోగా చేతిలో పెట్టాలని మోషే ధర్మశాస్త్రంలోనే ఉంది. పొలం కోసినవాళ్ల కూలి ఎగ్గొడితే ఆ కూలే కేకలు వేస్తుందని యాకోబు రాశాడు. ముందు న్యాయం, దాని పైన కృప. న్యాయం ఎగ్గొట్టి కృప పంచేవాడు ఆసామి కాదు, దొంగ."

కుర్రాడు ఇంకా ఒప్పుకోలేదు. "పొద్దుట్నుంచి చేసినోడికి మండదా అన్నా?" అన్నాడు. "మండుతుంది. మండకపోతే కథే లేదు. ఐదింటివాడి ఇంట్లో కూడా పిల్లలు పూర్తి కూలికి సరిపడా ఆకలితోనే ఉంటారని తట్టినప్పుడు ఆ మంట ఆరుతుంది," అని అన్న కుర్రాడి పళ్లెంలో ఇంకో గరిటె వేపుడు వేశాడు.

అప్పుడు గుమ్మంలో ఒకామె. చెప్పులు విడుస్తూనే కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. ఆరాధన అయిపోయిందని ఆమెకు తెలుసు. అన్న లేచి చెయ్యి కడుక్కున్నాడు. బల్ల మీద కప్పి ఉంచిన గుడ్డ తీశాడు. రొట్టె అంచు ముక్క ఒకటి మిగిలి ఉంది. ఆమె తల మీద కొంగు సర్దుకుని, ఎడమచేతి మీద కుడిచెయ్యి పెట్టి అందుకుంది. ప్రార్థన చాలా చిన్నది.

ఆ తర్వాత ఆమె పంక్తి దగ్గరికి రాలేదు. నేరుగా ఎంగిలి పళ్లాల గుట్ట వైపు నడిచింది. ఎవరూ చెప్పలేదు, అలవాటు. ఇద్దరు ముగ్గురు చూసి ఊరుకున్నారు. బెంచ్ మీదున్నాయనే లేచి, "అక్కా, నువ్వు కూర్చుని తిను. ఇవి నేను చూస్తా," అని ఆమె చేతిలోంచి పళ్లెం తీసుకున్నాడు. ఆ మధ్యాహ్నం నాలుగు నెలల తర్వాత ఆయన ముఖంలో మొదటిసారి పని దొరికిన కళ.

సాయంత్రం ఐదు

ఆమెతో పాటు సైబర్ టవర్స్ దాకా నడవండి. ఆరింటికి ఒక ఐటీ క్యాంపస్‌లో హౌస్‌కీపింగ్ షిఫ్ట్ ఉంది. రోడ్డు మీద ఆదివారపు ఖాళీ. అద్దాల మీద ఎండ వాలుతోంది. శిల్పారామం వైపు పిల్లల్ని వెంటేసుకుని కుటుంబాలు వెళ్తున్నాయి.

సొంతూరు గుండ్లకమ్మ పక్కన పల్లె అని చెప్పింది. ఆ ఏటి ఒడ్డున వెల్లంపల్లి దగ్గరే 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ముందు రెండేళ్లూ ఘోర కరవు. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని, ఎక్కువగా మాదిగ పల్లెల జనానికి కూలి చూపించాడు. కరవు సాయం చేతిలో పెట్టినన్నాళ్లూ మాత్రం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగాక కూడా జనం వచ్చారు. "మా తాతల తాతలు కాలవ తవ్వినోళ్లేనంట," అంది ఆమె. "తట్ట మోస్తా వాక్యం విన్నారంట."

"ఇవాళ ఎందుకు లేటయింది?"

"పనిచేసే ఇంట్లో చుట్టాలొచ్చారు. నలుగురికని చెప్పి పదిమంది. వండి, గిన్నెలు తోమి బయటపడేసరికి ఈ వేళయింది."

"ఆదివారం సెలవు ఇవ్వరా?"

"మానేస్తే రోజు జీతం కోస్తారు. వాళ్లు మాత్రం మంచోళ్లే. వాళ్లూ మన విశ్వాసులే. పొద్దున్నే ఎనిమిదింటికల్లా చర్చికి వెళ్లిపోయారు."

కోపం లేకుండా అంది. ఇంట్లోవాళ్ల గురించి చెప్పినట్టే అంది. గేటు దగ్గర ట్యాగ్ మెడలో వేసుకుని, బ్యాగు తనిఖీకి ఇచ్చి లోపలికెళ్లింది.

పొద్దుటి నుంచి విన్న పాటల కన్నా, సాక్ష్యాల కన్నా ఈ ఒక్క మాట దగ్గరే కృప సంగతి తేలిపోతుంది. అర్హత చూడకుండా దేవుడు నన్ను పిలిచాడని నమ్మే మనిషి, తన వంటింట్లో నిలబడ్డ మనిషికి లెక్కకు మించి ఒక్క పూట ఇవ్వలేకపోతే, అతను విన్నది ఆసామి కథ కాదు, గొణిగినవాళ్ల కథ. ఆత్మ తృప్తి అనేది చేతులెత్తి పాడినప్పుడు కలిగే పులకింత ఒక్కటే అయితే అది ఆదివారం సాయంత్రానికే ఆవిరైపోతుంది. నాకు ముట్టవలసింది ముట్టిందన్న నిశ్చింతే అసలు తృప్తి. అది ఉన్నవాడు ఎదుటివాడి వాటా కొలవడు.

మీరు ఏ చర్చికి వెళ్తారో, అసలు వెళ్తారో లేదో నాకు అనవసరం. మీ ఇంట్లో పనిచేసే అక్కకి, మీ కారు నడిపే అన్నకి, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి వారంలో ఒక రోజు సెలవు ఇవ్వండి. ఆ రోజు జీతం కోయకండి. ఈ ఆదివారం నుంచే మొదలుపెట్టండి.